మూడో ఎపిసోడ్ ఇద్దరం ఉన్నప్పుడే

ఖమ్మం
జూలై 6

పిన్నీ,

తెలుగు పరీక్షలో తప్ప నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు. అక్కడైతే కుశలప్రశ్నలకి ఒక మార్కు ఉంటుంది. నీ దగ్గర మార్కులు అక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నా.

హాస్టల్లో చేరాను. ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. ఇక్కడ ఫోన్ ఉంచుకోనివ్వరు, నాది నాన్న దగ్గరే ఉంది. ఆదివారం ఆఫీసు ఫోన్ ఇస్తారు కానీ చేరేటప్పుడు చెప్పిన ఒక్క నంబరుకే చేసుకోవాలి. అది నాన్నది. ఇక మిగిలింది పోస్టు. నీ అడ్రసు అడిగితే నాన్న ఎక్కడా వెతక్కుండా గడగడా చెప్పేశాడు. ఇది నీకెందుకు చెప్తున్నానంటే, ఊరికే.

వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ మా వార్డెన్ కళావతి మేడం చదువుతుంది. చదువుకి పనికిరానివి చింపేస్తుందని సీనియర్లు అంటారు. వాళ్లకి ఎవరూ ఒక్క ఉత్తరం కూడా రాయలేదు మరి, వాళ్లకెలా తెలుసో.

అసలు సంగతి. జూలై వచ్చింది, మన జపాన్ బొమ్మల సీరియళ్లు, కొత్త అనిమేలన్నీ ఈ వారమే మొదలయ్యాయి. నువ్వు సత్తుపల్లి నుంచి వెళ్లిపోయాక కూడా ఈ రెండేళ్లలో మనం ఒక్క సీజన్ వదల్లేదు. ఫోన్‌లో ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరం ఒకేసారి ప్లే నొక్కేవాళ్లం. ఈసారి నాకు కుదరదు. కాబట్టి నువ్వు చూసి రాయి. "బాగుంది" అని మాత్రం రాయకు. మొదట్లో పాట ఎలా ఉంది, మొహాలెలా గీశారు, ఏం తిన్నారు, అవి కావాలి. నీకు ఏమనిపించిందో అది కూడా రాయి, నీకు ఎప్పుడూ ఏదో ఒకటి అనిపిస్తూనే ఉంటుంది కదా.

మన రూలు మర్చిపోకు. మొదటి రెండు ఎపిసోడ్లు ఎవరైనా ఒక్కళ్లే చూడొచ్చు. మూడోది ఇద్దరం ఉన్నప్పుడే. ఆ తర్వాతే ఉంచాలా వదిలేయాలా అని ఓటు. దసరాకి ఇంటికెళ్లాక నేను ఫోన్ చేస్తా. అప్పటిదాకా మూడోది ముట్టుకోకూడదు.

ప్రతి నెలా రెండో ఆదివారం ఇక్కడికి మనుషులు రావచ్చు. చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

నీ
శ్యామల


దుమ్ముగూడెం
జూలై 19

శ్యామలా,

ముందు నీ పేరుకి ముందు ఏదో రాసి కొట్టేశాను. ఏం రాశానో కాగితం వెనక నుంచి చూస్తే కనబడుతుంది, చూడకు. కళావతి గారికి నమస్కారం.

నీ ఉత్తరం మా కాలేజీకే వచ్చింది. అటెండర్ అందరి ముందూ తెచ్చి ఇచ్చాడు. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని స్టాఫ్‌రూమంతా నా వైపు తిరిగింది. ఎవరు రాశారని అడిగితే ఏదో చెప్పాను.

చూడటం అంత తేలిక కాలేదు. ఈ వేసవిలో టవర్ పాడైనప్పట్నుంచీ ఇక్కడ సిగ్నల్ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే మాట వరకూ వస్తుంది, బొమ్మ రాదు. అందుకని ఆదివారం భద్రాచలం వెళ్లి, బస్టాండ్ ఎదురుగా రామ్‌చందర్ హోటల్లో వైఫై పట్టుకుని అన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఆయన రెండుసార్లు టేబుల్ తుడిచాడు. మూడోసారి, "ఒక్క ప్లేటు ఇడ్లీకి గంట కూసుంటివేంది మేడం, ఇంకో ప్లేటన్న చెప్పు" అన్నాడు. చెప్పాను. తినలేకపోయాను.

ఇక నీ సంగతులు.

తూకాల గుమాస్తా. అసలు పేరు ఒకటిన్నర లైన్లుంది, మనం ఇలాగే అందాం. మొదటి నిమిషంలోనే కుర్రాడు లారీ కింద పడ్డాడు. జపాన్‌లో లారీ డ్రైవర్ల లైసెన్సులన్నీ ఒకసారి పరిశీలించాలి, ఇంతమందిని ఇంకో లోకానికి పంపించారు. వీడు రాక్షసుల రాజ్యంలో సంత దగ్గర కాటా చూసే గుమాస్తాగా పుట్టాడు. మొహాలు మామూలే, సగం మొహం కళ్లే. కానీ సంత గీసినవాడు సంతకెళ్లినవాడే. మూలన కోడిని చంకలో పెట్టుకుని బేరమాడే ముసలి రాక్షసి ఉంది, ఆమె అచ్చం మా చర్ల వైపు నుంచి వచ్చినట్టే అనిపించింది. వాళ్లు గుడ్లు పెంకుతో సహా మింగుతారు. పాట గోల. నేను ఒక చోట పైకే నవ్వాను. నవ్వాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఎలా ఉంటుందో నువ్వు హాస్టల్లో ఉన్నావు కాబట్టి నీకు తెలియకపోవచ్చు.

ఈత తాత. భార్య పోయిన పెద్దాయన ఊరి ఈతకొలనులో ఈత నేర్చుకోవడానికి చేరతాడు. ఎపిసోడంతా అయిపోయినా నీళ్లలోకి దిగడు. మెట్టు మీద కూర్చుంటాడు, కాలు పెడతాడు, తీసేస్తాడు. నీళ్లలో మోకాలు విరిగినట్టు కనబడుతుంది కదా, అది గీశారు. అంతే. నాకు చాలా నచ్చింది, అంటే నీకు నచ్చదు.

బస్సు కథ. దీన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. సబ్‌టైటిల్స్ దిగలేదు, ఇంటికొచ్చాక చూసుకున్నాను. మళ్లీ భద్రాచలం వెళ్లే ఓపిక లేక అలాగే చూశాను. మంచు పడే కొండ ఊరు. ఊళ్లో ఆఖరి బస్సు నడిపే నలభై దాటిన ఆడమనిషి. రోజూ ఒక స్టాపులో పదిహేనేళ్ల పిల్ల ఎక్కి ఆఖరి సీట్లో కూర్చుంటుంది. ఇద్దరూ మాట్లాడుకోరు. తల్లీ కూతుళ్లు. ఏదో జరిగింది వాళ్ల మధ్య. తల్లి ఒక్కసారి కూడా వెనక్కి తిరగదు, అద్దంలో మాత్రం చూస్తుంది. నాతో పాటు పుల్లమ్మ కూడా చూసింది, మా క్వార్టర్స్‌లో వంటకి సాయం వస్తుంది. తల్లేనా అని నాకు మధ్యలో అనుమానం వచ్చింది. "తల్లి గాకపోతె గంత కోపం ఎవరికుంటదమ్మా" అని ఆమె తేల్చేసింది. పాట లేదు. వైపర్ల చప్పుడు ఉంది. తినడానికి ఏమీ లేదు.

నచ్చిందా అంటే చెప్పలేను. ఆ రోజు అన్నం వండుకోలేదు.

రెండో ఆదివారం సంగతి చూశాను. చూద్దాం.

ప్రసూన


ఖమ్మం
ఆగస్టు 2

పిన్నీ,

నీ ఉత్తరం చింపలేదు. కానీ "ఈత తాత" పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి ఉంది. నేను పెట్టలేదు. తర్వాత మెస్సులో కళావతి మేడం నా ప్లేటులో పప్పు వేస్తూ, ఎటో చూస్తూ, "ఆయన దిగిండా ఇంకా గట్టు మీదనే ఉన్నడా?" అంది. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చి పొలమారింది.

మా రూంలో అందరికీ నీ ఉత్తరం చదివి వినిపించాను. రాక్షసి కోడి దగ్గర పడీ పడీ నవ్వారు. బస్సు దగ్గర ఒక పిల్ల దుప్పటి కప్పుకుంది.

స్టాఫ్‌రూమ్‌లో "ఏదో చెప్పాను" అన్నావు. ఏం చెప్పావు?

జూలైలో రెండో ఆదివారం ఎలా ఉందో చెప్తా విను. పొద్దుట్నుంచి కింద నుంచి పిలుస్తూనే ఉంటారు. ఒక్కొక్కళ్లూ దువ్వుకుని దిగుతుంటారు. నాన్నకి ఆదివారమే పామాయిల్ గెలల లోడు వెళ్తుంది, అందుకని డ్రైవర్ వీరబాబుతో జంతికలు పంపించాడు. మంచి జంతికలే. వీరబాబు గేటు దగ్గర ఇచ్చేసి లోడు టైమైందని వెళ్లిపోయాడు.

ఆగస్టు రెండో ఆదివారం నాకు పని లేదు.

బస్సు కథ రెండోది చూడు. మూడోది వద్దు.

నీ
శ్యామల

సంతకం దగ్గర నువ్వు "ప్రసూన" అని రాశావు. పోస్టాఫీసు వాళ్లకి రాసినట్టుంది.


దుమ్ముగూడెం
ఆగస్టు 20

శ్యామలా,

రాలేకపోయాను. గోదావరి పెరిగింది, తూరుబాక దగ్గర రోడ్డు మీదకి నీళ్లొచ్చాయి, బస్సులు ఆపేశారు. దానికి తోడు ఆ ఆదివారం కాలేజీలో డ్యూటీ ఒకటి వేశారు. ముందే తెలిస్తే రాసేదాన్ని.

బాగా చదువుతున్నావు కదా. పొద్దున్నే లేపుతారేమో, నీకు కష్టం. హాస్టల్ గోడలకి ఆ పచ్చ రంగు వేయడం ఎవరి ఆలోచనో, పిల్లలకి కళ్లు నొప్పి పుట్టవూ.

రెండో ఎపిసోడ్లు చూశాను. కళావతి గారికి చెప్పు, తాత నడుం వరకూ దిగాడు. దిగి అక్కడే నిలబడి ఉన్నాడు. కోచ్‌గా ఉన్న కుర్రది "ఇవాళ్టికి ఇది చాలు" అన్నట్టుంది, దీనికి సబ్‌టైటిల్స్ ఉన్నాయి కాబట్టి అన్నట్టే. గుమాస్తా ఇంక నాకు వద్దు. ప్రతి సమస్యా తూకం వేసి తేల్చేస్తున్నాడు, లోకం అలా ఉండదు. నీ ఓటు నీకు ఉంది.

బస్సు కథ. మళ్లీ సబ్‌టైటిల్స్ లేవు, ఫోన్‌లోనే ఏదో తేడా. ఈసారి తల్లి ఆఖరి సీటు మీద ఫ్లాస్కు పెట్టి తన సీట్లోకి వెళ్లింది. పిల్ల ఎక్కి, చూసి, దాన్ని పక్కకి జరిపి కూర్చుంది. తాగలేదు. ఫ్లాస్కు మూత మీద అద్దాల్లోంచి వచ్చే వీధిదీపం వెలుగు పడి పోయి, పడి పోయి. అది ఎంతసేపు చూపించారంటే, పుల్లమ్మ "కరెంటు పోయిందా మేడం" అంది. ఆ తల్లి చేసిన తప్పేమిటో చెప్పరు. వదిలేసి వెళ్లి మళ్లీ వచ్చిందేమో అనుకుంటున్నాను. అలాంటి మనిషి ఫ్లాస్కు పెట్టి వెళ్లిపోవడమే గానీ చేతికివ్వలేదు. ఇవ్వడానికి ఏ హక్కుంటుంది.

నేను ఇలా చూస్తున్నానేమో, కథ అలా లేదేమో. ఏమో.

ఉంటాను.

ప్రసూన


ఖమ్మం
సెప్టెంబర్ 3

ప్రసూన గారికి,

మీ ఉత్తరం అందింది. మాకు సిలబస్ ఎక్కువగా ఉంది. ఇక మీదట కథలు రాయనక్కర్లేదు.

శ్యామల


దుమ్ముగూడెం
సెప్టెంబర్ 15

శ్యామలా,

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. చదవడానికి అంతసేపు పట్టే ఉత్తరం కాదు.

చదువు ముఖ్యం, నిజమే. నేనే ముందు ఆలోచించాల్సింది. ఒకవేళ కారణం అది కాకపోతే ఏమిటని అడగాలని ఉంది, అడిగే వీలు నాకు ఉందో లేదో తెలియక ఆగుతున్నాను. నీకు ఏడేళ్లప్పుడు ఆటలమ్మ పోస్తే ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి గుమ్మానికి వేపమండలు కట్టారు. నేను ఆ ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. నాతో మాట్లాడేదానివి కాదు. ఏం చేయాలో తెలియక ఫోన్‌లో ఎవరో పంపిన జపాన్ బొమ్మల కథ పెట్టాను. రెండు ఎపిసోడ్లయ్యాక నేను నిద్రపోయాను. లేచేసరికి నువ్వు ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నావు. ఎందుకు ఆపేశావంటే, "నువ్వు లేవాలి కదా" అన్నావు. నాతో నువ్వు అన్న మొదటి మాట అది. మన రూలు అక్కడ పుట్టింది. నీకు గుర్తుండకపోవచ్చు.

ఆ తర్వాత నేనూ మీ నాన్నగారూ ఒకే ఇంట్లో రెండు గదులుగా మిగిలిపోయాం, ఎవరి తప్పూ ప్రత్యేకంగా లేదు. కాగితాల మీద సంతకాలయ్యాయి. భార్యాభర్తలకైతే ఆ కాగితం ఉంది. మనిద్దరికీ ఏమీ లేదు, తెగిందనడానికీ లేదు, ఉందనడానికీ లేదు.

ఇది చదువుకి సంబంధించిన ఉత్తరం కాదని కళావతి గారు అనుకుంటే చింపేయమను.

దసరాకి ఇంటికెళ్లాక ఒకసారి ఫోన్ చేయి. సెలవులు మొదలైన ఆదివారం పదకొండింటి నుంచీ నేను రామ్‌చందర్ హోటల్లో ఉంటాను. మూడోవి ముట్టుకోలేదు. ఒకటి, రెండు, మూడు అని నువ్వే అను.

ప్రసూన


సత్తుపల్లి
అక్టోబర్ 4

పిన్నీ,

ఆదివారం నేను ఫోన్ చేయలేదు. నువ్వు హోటల్లో కూర్చుని ఉంటావని తెలుసు. రామ్‌చందర్ ఎన్ని ప్లేట్లు తినిపించాడో అని కూడా అనుకున్నా. అయినా చేయలేదు.

ఫోన్ ఇప్పుడు నా పక్కనే ఉంది. ఫోన్‌లో అయితే నువ్వు మాట మార్చేస్తావు, "అన్నం తిన్నావా" అంటావు. అందుకే రాస్తున్నా. ఇంటి నుంచి కాబట్టి కళావతి మేడం చదవదు కూడా.

బస్సు కథ మూడోది నేను ఒక్కదాన్నే చూశాను. రూలు తప్పాను. కావాలనే. మొదటి రెండూ కూడా చూశాను, సబ్‌టైటిల్స్‌తో.

వాళ్లు తల్లీ కూతుళ్లు కాదు పిన్నీ. ఏమీ కారు. ఆ పిల్ల ఇంట్లో ఎవరూ ఉండరు, బస్సులో హీటర్ ఉంటుంది, అందుకని చివరిదాకా కూర్చుంటుంది. కోపం ఎవరికీ లేదు. ఆమె వెనక్కి తిరగదని రాశావు. బస్సు నడుపుతూ వెనక్కి ఎలా తిరుగుతుంది? ఆ పిల్ల వెచ్చగా ఉండాలని రోజూ చుట్టు తిరిగే దారిలో తీసుకెళ్తుంది. ఫ్లాస్కు తాగకపోవడానికి కారణం, అందులో ఉన్నది కాఫీ. ఆ పిల్లకి కాఫీ పడదు. అది మొదటి ఎపిసోడ్లోనే ఫోన్‌లో ఎవరితోనో చెప్తుంది. మూడోదాంట్లో ఆమె టీ పోసి పెడుతుంది.

డిపోలో పై ఆఫీసరు పట్టుకుంటాడు. రోజూ ఆలస్యమెందుకు, ఆ పిల్ల నీకేమవుతుంది అంటాడు. నేను పాజ్ చేశాను అక్కడ. ఏం చెప్తుందోనని భయమేసింది. ఆమె టోపీ తీసి, "ఇంకా దిగలేదు" అంటుంది. అంతే అంటుంది. వాడు ఇంకేం అడగడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు రెండో ఆదివారం నువ్వు వచ్చావు.

హాస్టల్‌కి పచ్చరంగు వేసింది ఆగస్టు మొదటి వారంలో. దుమ్ముగూడెంలో కూర్చుంటే ఎలా కనబడింది? నీ ఉత్తరం రాకముందే వాచ్‌మన్ పగిడయ్య నాతో అన్నాడు, "మీ మనిషి ఒకామె చిలకపచ్చ గొడుగు పట్టుకోని వచ్చింది బిడ్డా. ఎవరి కోసమంటె నీ పేరే చెప్పింది. ఏమైతరమ్మా అంటె ఫోన్ చేసొస్తనని పోయింది, ఇగ రాలే" అని. ఆ గొడుగు మనం మధిరలో కొన్నాం. నువ్వే రాస్తావేమో అని ఎదురుచూశాను. గోదావరి పెరిగిందని రాశావు. డ్యూటీ అని కూడా రాశావు. రెండు కారణాలు ఎవరూ చెప్పరు పిన్నీ.

నిన్ను ఆపడానికి అడిగాడనుకున్నావా? మా గేటు దగ్గర మైకు ఉంటుంది. ఎవరొచ్చినా పగిడయ్య మైకులో పిలవాలి. పేరు, గ్రూపు, ఎవరొచ్చారో. "మీ అమ్మ వచ్చింది." "మీ తాత వచ్చిండు." మూడు అంతస్తులూ వింటారు. రెండో ఆదివారమంతా మేం మంచాల మీద కూర్చుని అదే వింటుంటాం. వీరబాబు వచ్చినప్పుడు "సత్తుపల్లి సామాను వచ్చింది" అన్నాడు. రూంలో వారం రోజులు నన్ను సామాను అని పిలిచారు.

మైకులో ఏమని పిలవాలో అడిగాడు. అంతకంటే ఏమీ లేదు. నువ్వు ఆ ఒక్క మాట చెప్పలేక నాలుగ్గంటల దారి వెనక్కి వెళ్లిపోయావు.

నవంబర్ తొమ్మిది రెండో ఆదివారం. నేను ఎదురుచూడను. నాకు చదువుంది.

శ్యామల


దుమ్ముగూడెం
అక్టోబర్ 13

శ్యామలా,

వచ్చాను, నిజమే.

తెల్లారే బస్సుకి బయల్దేరాను. అప్పటికి గోదావరి తగ్గిపోయింది. పాల్వంచ, కొత్తగూడెం దాటి వచ్చేదాకా నీకు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. గేటు దగ్గర ఆయన "ఏమైతరు" అన్నాడు. నేను నోరు తెరవకపోయేసరికి, "అమ్మనా, అత్తనా, పిన్నా? ఏదో ఒకటి చెప్పాలె గదమ్మా, మీ ఎనక లైను నిలవడ్డది" అన్నాడు. నా వెనక ఒక తాత జామకాయల సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కూడా నేనేం చెప్తానా అని చూస్తున్నట్టు అనిపించింది. పిన్నిని అంటే, ఎట్లా అని అడుగుతారు. నాన్న రెండో భార్య అంటే, ఇప్పుడు కాదు కదా అంటారు. ఎవరూ అడగని ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటూ బస్టాండ్ దాకా నడిచాను. చరిత్ర పాఠం చెప్పేదాన్ని, ఎదుటి మనిషి ఒక మాట అడిగితే దాని వెనక పది చూడటం అలవాటైపోయింది. అక్కడ ఉన్నది ఒక మైకు.

స్టాఫ్‌రూమ్‌లో ఏం చెప్పావని అడిగావు. "తెలిసినవాళ్ల అమ్మాయి" అని చెప్పాను. ఆ పూట క్లాసుల మధ్య మళ్లీ స్టాఫ్‌రూమ్‌కి వెళ్లలేదు, వాళ్లకి కారణం తెలియదు.

పుల్లమ్మతో చెప్పాను, వాళ్లు తల్లీ కూతుళ్లు కారట అని. గిన్నె తోముతూనే, "అయితె గా కాఫీ ఎందుకు పెట్టిందమ్మా" అంది. పిల్ల తాగదని తెలియక, అన్నాను. "గదే మరి. తెల్వకనే" అని గిన్నె బోర్లించింది.

అక్టోబర్ సీజన్ అనిమేలు మొదలయ్యాయి. డౌన్‌లోడ్ చేశాను, ఈసారి సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో అక్కడే చూసుకున్నాను. ఇంకా పెట్టలేదు. సాయంత్రాలు ఇక్కడ ఎంత పొడుగుంటాయంటే, అడవి వైపు నుంచి మేకలు దిగివచ్చే గంటల చప్పుడు అయిపోయాక చేయాల్సింది ఏమీ ఉండదు. ఫోన్ తీస్తాను. మొదటి బొమ్మ మీద వేలు పెట్టి, తీసేస్తాను. ఈత తాత లాగా.

వస్తానని రాయను. రాస్తే మళ్లీ రెండు కారణాలు వెతుక్కోవాల్సి వస్తుంది.

ప్రసూన


దుమ్ముగూడెం
నవంబర్ 12

శ్యామలా,

ఇంటికి చేరాను. బస్సు భద్రాచలం దాకా బాగానే వచ్చింది, అక్కణ్నుంచి ఆటోలో వచ్చాను. నువ్విచ్చిన జంతికల్లో సగం పుల్లమ్మకి పెట్టాను.

నువ్వు చేతులు తిప్పుతూ మూడో ఎపిసోడ్ చెప్పావు చూడు, ఆ టోపీ తీసే దగ్గర జంతికల డబ్బా మూత తీసి చూపించావు, అది నేను చూసినట్టే. రూలు ప్రకారం మూడోది ఇద్దరం ఉన్నప్పుడే అయింది. నా ఓటు ఉంచుదామనే. కళావతి గారు పక్క బెంచీ మీద కూర్చుని రిజిస్టర్ రాస్తున్నట్టు నటించారు. వెళ్లేటప్పుడు నన్ను ఆపి, "గా తాత మునుగడు గద మేడం, ముందే చెప్పుండ్రి, నేను తట్టుకోలేను" అన్నారు. నాకూ తెలియదన్నాను.

నువ్వు దిగి వచ్చేలోపు గేటు దగ్గర జరిగింది నీకు చెప్పలేదు. పగిడయ్య దూరం నుంచే గొడుగు గుర్తుపట్టాడు. "ఈసారన్న చెప్తరా, మళ్ల ఫోనా?" అన్నాడు. పిన్నిని, అన్నాను. గొంతు నాది నాకే గట్టిగా వినిపించింది. "గింత మాటకు మూడు నెలలు తిప్పితిరి" అని మైకు అందుకున్నాడు. ఎట్లా పిన్ని అని ఎవరూ అడగలేదు. వెనకున్నావిడ ఎండగా ఉందని నా గొడుగు కిందకి జరిగి నిలబడింది, అంతే.

మైకులో పిలిచాడు. నువ్వు రాలేదు. రెండోసారి పిలిచాడు. మెట్ల మీద అందరూ దిగుతున్నారు, నువ్వు లేవు. నీకు ఇంకా కోపం తగ్గలేదు, నేను వచ్చానని తెలిసీ రావడం లేదు, అది న్యాయమే అనుకున్నాను. ఇంకాసేపు చూసి వెళ్లిపోదామని కూడా అనుకున్నాను. కానీ వెళ్లలేదు, అది నువ్వు లెక్కలో వేసుకోవాలి. మూడోసారి పిలిచాక నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు, చెప్పులు కూడా రెండూ రెండు రకాలు. ఆలస్యం ఎందుకని నేనడగలేదు, నువ్వు చెప్పలేదు.

వచ్చేటప్పుడు బస్సులో డ్రైవర్ వెనక సీటు దొరికింది. ఆయన అద్దంలో ఎవర్ని చూస్తున్నాడా అని దారంతా చూశాను. ఇంట్లోకి అడుగుపెట్టాక ఎప్పటి నిశ్శబ్దమే. తాళం తీసి, దీపం వేసి, ఒక గ్లాసు కడిగాను. కానీ మైకు చప్పుడు చెవిలోంచి పోలేదు.

అక్టోబర్‌వి మొదటివి రేపు చూస్తాను. రాస్తాను.

పిన్ని


ఖమ్మం
నవంబర్ 24

పిన్నీ,

సంతకం చూశాను. రూంలో అందరికీ చూపించాను. కళావతి మేడం దాని పక్కన కూడా టిక్కు పెట్టింది.

ఆలస్యం గురించి రాశావు. మొదటిసారి పిలిచినప్పుడే నాకు వినబడింది. "శ్యామలా, బైపీసీ, మీ పిన్ని వచ్చింది" అని. నేను లేవలేదు. పక్క మంచం పిల్ల "నిన్నేనే, పోవే" అంది. వినబడనట్టు "ఎవరొచ్చారట?" అన్నాను. "మీ పిన్నట." "ఎవరట?" దానికి విసుగొచ్చి దిండు విసిరింది. రెండోసారి పిలిచాడు. అప్పటికి పై అంతస్తు వాళ్లు కూడా తొంగిచూస్తున్నారు. నేను మంచం మీదే కూర్చున్నా. చెప్పులు వెతుక్కుంటున్నట్టు కాళ్లు ఆడిస్తూ. మూడోసారి పగిడయ్యకి కోపం వచ్చింది. "ఓ శ్యామలా, మీ పిన్ని ఎండల నిలవడ్డది, జల్దీ రావె" అన్నాడు. అప్పుడు ఏవి దొరికితే అవి తొడుక్కుని పరిగెత్తాను.

కోపం కాదు. ఇంకోసారి వినాలనిపించింది.

డిసెంబర్‌లో ఒక్క పిలుపుకే దిగుతా. మహా అయితే రెండు.

శ్యామల